గునుగు పీకించిన పెద్దసారమ్మ

మా ఊరి బడికి పెద్దసార్లు వస్తుండేవాళ్ళు, పోతుండేవాళ్ళు. మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే దారిలో బస్సు దిగి, మళ్ళీ మట్టిబాటన నడవాల్సిన ఊరు మాది. ఏడో తరగతి దాకా ఉన్న చిన్న బడి. జాయినైన రోజే బదిలీకి ఎవరిని పట్టుకోవాలా అని ఆరా తీసే మహానుభావులను చూసీ చూసీ నాకు ఒళ్ళు మండేది. నేను ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ బడిలోనే చదివి, అక్కడే టీచరునయ్యాను. నాకు పోవడానికి వేరే ఊరు లేదు.

1998 జూన్‌లో హెడ్మిస్ట్రెస్‌గా సుశీల గారు వచ్చారు. తెనాలి దగ్గర పల్లెటూరు ఆవిడది. భర్త చలపతిరావు గారిది కంపెనీ ఉద్యోగం, కాపురం పట్నం అంచున సుచిత్ర చౌరస్తా దగ్గర కొత్త కాలనీలో. చేతిలో గొడుగు, భుజాన సంచి, సంచిలో అందరికీ సరిపోయేంత క్యారియర్. బడికి పెద్దయితే మా ఊళ్ళో పెద్దసారే. ఆడమనిషి రావడం అదే మొదలు కాబట్టి, పిల్లలు ఒక పూటంతా ఆలోచించి పెద్దసారమ్మ అని పేరు ఖాయం చేశారు. హోటల్ అంజయ్య మాత్రం టీ గ్లాసు నా ముందు పెట్టి, "దసరా దాటినంక ఉండది సార్, జూడు" అన్నాడు. నేనూ కాదనలేదు.

అంజయ్య అన్నది నిజమే. దసరా వెళ్ళగానే బదిలీకి అర్జీ పెడతానని ఆవిడ భర్తకు మాటిచ్చి మరీ వచ్చారు. రెండు బస్సులు మారి రావడం, ఆ పైన నడక, ఆయనకు అస్సలు ఇష్టం లేదు. ఈ సంగతి ఆవిడే నాకు చెప్పారు, నా గిన్నెలో గోంగూర పచ్చడి వేస్తూ. అంత దాపరికం లేని మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

పోయే మనిషి పోయేవాళ్ళలాగే ఉంటే ఏ గొడవా లేదు. ఈవిడ గొడుగేసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. ఐదు పాసవ్వగానే మా ఆడపిల్లలు ద్రాక్షతోటల్లో కూలికి పోవడం మామూలు. వాళ్ళను ఆరో తరగతికి తేవాలని ఆవిడ పంతం. తోడుగా నన్ను పట్టుకుపోయేవారు.

బడి గోడ పక్కిల్లే బాలనర్సమ్మది. తల్లి లేని మనవరాలు వినోదను ఆవిడే పెంచింది. బాలనర్సమ్మ నోటికి ఊళ్ళో పెద్దమనుషులు కూడా పక్క సందులోంచి పోతారు. సుశీల గారు నేరుగా ఆ వాకిట్లోకే వెళ్ళి, "బాలనర్సమ్మ గారూ, పిల్లని బడికి పంపించండి" అన్నారు.

"గారట, గారు! నా పెండ్లిల గూడ నన్నెవ్వలు గారనలె" అని ముసలావిడ నవ్వింది. వెంటనే నవ్వు మానేసింది. "పంపితే ఏమైతది? మీ పెద్దసార్లు ఇయ్యాల వస్తరు, రేపు పోతరు. మా పోరి సదువు నడిమిట్ల ఆగుతది. సరే, దసరా దాక పంపుత. ఆ ఎన్క తోటల కత్తిరింపులు షురూ అయితయ్. అప్పుడు జూస్త."

దసరా తర్వాత ఈ పిల్ల బడిలో ఉంటుందో తోటలో ఉంటుందో అనే బెంగ ఆవిడకు ఆ రోజే పట్టుకుంది. పైగా తన అర్జీ సంగతి తనకు తెలుసు కదా.

వినోద చురుకైన పిల్ల. బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి చదివేది. సాయంత్రం పెద్దసారమ్మ గొడుగు తనే పట్టుకుని బస్సు దాకా వెంట నడిచేది. ఆవిడ బస్సెక్కి కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడేది. ఆ పిల్లను చూస్తే నాకు ముచ్చటేసేది, భయమూ వేసేది.

ఆ వానాకాలం బడి వెనక జాగా నిండా మొక్కలు ఏపుగా పెరిగాయి. ఆడపిల్లల మరుగుదొడ్డికి దారి అటువైపే. అక్కడ పాము కుబుసం కనబడిందని పిల్లలు అటు పోవడమే మానేశారు. నేను మేడ్చల్‌లో మీటింగుకు పోయిన రోజున, సుశీల గారు పిల్లలందరినీ కూడగట్టి, దారితో పాటు జాగా అంతా శుభ్రం చేయించారు. ఒక్క మొక్క మిగల్చలేదు. పీకినవన్నీ పెంటకుప్ప మీద వేయించారు.

ఆ మొక్కలు గునుగు. ఆశ్వయుజం వస్తోందంటే తెల్లటి కంకులతో ఆ జాగా నిండిపోతుంది. భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాస నాడు బతుకమ్మ మొదలు. పేర్చడానికి మా ఆడవాళ్ళు ముందు పోయేది అక్కడికే. ఆవిడ పుట్టిన ఊళ్ళో మాత్రం అది చేలో కలుపు. కనబడితే పీకి గట్టున పారేస్తారు.

మర్నాడు పొద్దున నేను బడికి వచ్చేసరికి పై తరగతుల్లో ఒక్క ఆడపిల్ల లేదు. గేటు దగ్గర బాలనర్సమ్మ ఉంది.

"పెద్దసారమ్మా! గౌరమ్మకు పెట్టే పూలు పెంటల ఏపిస్తవా? రేపు పెత్రమాస. మా పండుగంటె గంత అల్కనా నీకు? నా పిల్లను ఇగ పంప. దసరా దాక గూడ ఆగ. తోటకే తోల్త!"

ఆవిడ వెళ్ళిపోయాక సుశీల గారు నా వైపు తిరిగి, "ఏ పూలండీ?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ వరండా మెట్టు మీద కూలబడిపోయారు.

"పిల్లలు ఒక్కళ్ళైనా చెప్పలేదేమండీ?"

"పెద్దసారు చెప్పినంక మా పిల్లలు ఎదురు చెప్తరా మేడం?"

"వినోద చేత కూడా పీకించాను. మధ్యలో ఒకసారి లేచి నా మొహంలోకి చూసింది. అలిసిపోయిందేమో అనుకుని, మంచినీళ్ళు తాగి రమ్మన్నాను" అన్నారు ఆవిడ.

ఇక ఈవిడ వెళ్ళిపోతుందనే అనుకున్నాను. ఇంతకంటే మంచి సాకు ఎవరికి దొరుకుతుంది? కానీ ఆవిడ లేచి, కొంగు నడుముకు దోపుకుని, పెంటకుప్ప దగ్గరికి నడిచారు. మొక్కలు వాడిపోయాయి గానీ గునుగు పువ్వు అంత తొందరగా వాడదు. కింద పేడ అంటినవి వదిలేసి, పైన శుభ్రంగా ఉన్నవి ఒక్కొక్కటీ తుంచి ఒడిలో వేసుకున్నారు. నేను సాయం పోతే వద్దన్నారు. ఆ ఒడితోనే బాలనర్సమ్మ వాకిట్లోకి వెళ్ళారు, వెనకే నేను.

"అవ్వా" అన్నారు, అచ్చం వినోద పిలిచినట్టే. "నాకు తెలియక పీకించాను. తప్పు నాదే. నీ కోపం పిల్ల చదువు మీద చూపించకు, నన్నే తిట్టు. వీటిని ఎలా పేర్చాలో నాకు రాదు. నేర్పుతావా?"

బాలనర్సమ్మ ఆ ఒడిలోంచి ఒక పువ్వు తీసి చూసి, "కాడ గింత పొట్టిగ తెంపుతరా ఎవలన్న? ఎట్ల కడ్తరు దీన్ని?" అని విసుక్కుంది. హమ్మయ్య అనుకున్నాను. బాలనర్సమ్మ పని విషయంలో విసుక్కుందంటే సగం కోపం దిగినట్టే. లోపలి నుంచి వినోద దారపుండ తెచ్చుకుని పెద్దసారమ్మ పక్కన కూర్చుంది.

పెత్రమాస సాయంత్రం సుశీల గారు భర్త స్కూటరు మీద వచ్చారు. బతుకమ్మ చుట్టూ అందరూ ఒక వైపు తిరుగుతుంటే ఆవిడ ఇంకో వైపు తిరిగారు. చప్పట్లు ఒక్కటీ కలవలేదు. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు, ఆవిడా నవ్వారు. అంజయ్య హోటల్ బల్ల మీద నా పక్కన కూర్చున్న చలపతిరావు గారు, "మా ఆవిడ ఇంత నవ్వగా నేనే చూడలేదండీ" అన్నారు.

అయినా పిల్ల మాట బాలనర్సమ్మ ఎత్తలేదు. తొమ్మిది రోజుల పండుగ అయ్యేదాకా ఎత్తలేదు. ఆఖరి రోజు, సద్దుల నాడు, బతుకమ్మలను నీళ్ళలో వదిలాక, అందరికీ పంచినట్టే పెద్దసారమ్మ చేతిలోనూ సద్ది ప్రసాదం పెట్టి, ఆ చెయ్యి వదలకుండా పట్టుకుంది.

"పిల్లను పంపుత, బిడ్డా. కత్తిరింపులకు తోల. మల్ల నువ్వు గూడ పోవద్దు."

సుశీల గారు, ఆ రోజూ స్కూటరు మీద తీసుకొచ్చిన భర్త వైపు చూశారు. ఆయన స్కూటరు అద్దం తుడవసాగారు. తుడిచీ తుడిచీ, "రెండు బస్సులే కదా" అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

"పోనవ్వా" అన్నారు సుశీల గారు.

మరుసటి ఏడు వానలు పడగానే బాలనర్సమ్మ గునుగు ఇత్తులు కొంగున కట్టుకొచ్చి ఆవిడకిచ్చింది. మరుగుదొడ్డి దారి వదిలేసి, మిగతా జాగా అంతా ఇద్దరూ చల్లారు. సుశీల గారు 2007లో రిటైరయ్యేదాకా మా బడిలోనే ఉన్నారు. దానికి ముందు ఏడే బాలనర్సమ్మ పోయింది. వినోద ఇంటర్ చదివి మేడ్చల్‌లో నర్సు ట్రైనింగులో చేరింది.

ఆవిడ రిటైరైన మరుసటి ఏడు, పెత్రమాసకు ముందు, సుచిత్రలో వాళ్ళ అపార్టుమెంటుకు వెళ్ళాను. బాల్కనీ నిండా కుండీలు, కుండీల నిండా తెల్లటి కంకులు. మాట్లాడుతుంటే పై ఫ్లాటు రాజారావు గారు గుమ్మంలో నిలబడి, "టీచరు గారూ, కుండీల్లో పిచ్చిమొక్కలు బాగా పెరిగిపోయాయి. వాచ్‌మన్‌తో పీకించేయమంటారా?" అన్నారు.

తెనాలి సుశీల గారు లేచి నిలబడ్డారు. "పిచ్చిమొక్కలేంది? గౌరమ్మకు పెట్టే పూలయ్యా అవి! మా అవ్వ ఇచ్చిన ఇత్తులు. చెయ్యి పెడితే మంచిగుండది, చెప్తున్న!"

ఆయన గబగబా మెట్లెక్కిపోయారు. ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుని, కళ్ళు తుడుచుకున్నారు.

"రేపు వినోద వస్తానంది, కోసుకుపోవడానికి" అన్నారు. "కాడలు పొడుగ్గా తుంచాలి."