వంతులు మింగే మావయ్య

కండక్టరు మావయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటివాళ్ల వంతు మింగేయడం. అన్నం దగ్గర కాదు, ఆస్తి దగ్గరా కాదు. పొద్దున్నే ఇంటిల్లిపాదీ కూర్చుని బైబిలు వాక్యం చదువుకునేటప్పుడు. ఒకే గ్రంథం చేతులు మారుతూ మనిషికో వచనం చదవడం ఆ ఇంటి పద్ధతి. ఈయన తన వచనం చదివేసి, పక్కవాళ్లది చదివేసి, ఆ పక్కవాళ్లు నోరు తెరిచేలోపు వాళ్లదీ లాగించేసేవాడు. జీవితమంతా బస్సులో టికెట్ టికెట్ అని అరిచి రిటైరైన గొంతు మరి. అది లేచిందంటే వీధిలో కుక్కలు కూడా లేచి కూర్చునేవి.

"ఒరే తమ్ముడూ! అది నా వచనంరా!" అని గోలపెట్టేది వాళ్లక్క. హెడ్మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయింది. బెత్తం వదిలింది గానీ గొంతు వదల్లేదు.

"వచనం మీద నీ పేరు రాసుందా అక్కా?"

"ఇంట్లో క్రమశిక్షణ అనేది ఉండక్కర్లేదా?"

"ఉంది కాబట్టే ఆపకుండా చదువుతున్నా!"

ఒకసారి పాస్టరుగారు వచ్చారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేసరికి మావయ్య అధ్యాయం మొత్తం ముగించి, "ఇక ప్రార్థన కానివ్వండి అయ్యగారూ" అన్నాడు. పాపం పాస్టరుగారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర మెల్లగా, "కాస్త తగ్గించుకోండి" అన్నారు. "దేవుడొచ్చి అడిగితే తగ్గిస్తా. మీరడిగితే టీ ఇప్పిస్తా" అన్నాడీయన. ఇంతకన్నా మొండిఘటం ఉంటుందా?

ఈ ఆగడానికి లోలోపల సంతోషించే ప్రాణి ఆ ఇంట్లో ఒక్కర్తే. చిన్నకోడలు. ఇస్త్రీ దుకాణంలో పని. కాలరు నలిగిన తీరు చూసి చొక్కా ఎవరిదో చెప్పేస్తుంది. కానీ చదవడం రాదు. సంతకం ఒక్కటే నేర్చుకుంది. ఆ సంగతి మొగుడికొక్కడికే తెలుసు, నోరు విప్పనని మాటిచ్చాడు. కాపురానికొచ్చిన మర్నాడు గ్రంథం ఒళ్లోకి వచ్చేసరికి ఆ పిల్ల చూపు కిటికీ వైపు తిప్పేసింది. సరిగ్గా అప్పుడే మావయ్య చటుక్కున లాక్కుని చదివేశాడు. ఆ రోజు నుంచీ ఆయన దురాశే ఆమెకి దిక్కు. "మా మావయ్యకి నూరేళ్ల ఆయుష్షు ఇవ్వు తండ్రీ, ఆ గొంతుకి ఇంకాస్త ఎక్కువివ్వు" అని రోజూ ప్రార్థించుకునేది.

అలాంటి గొంతు కాస్తా జలుబు చేసి పడిపోయింది. కొన్నాళ్లు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు.

"దేవుడున్నాడు!" అంది అక్క, చేతులు జోడించి. "ఇవాళ ఎవరి వంతు వాళ్లదే. ముందు నేను, తర్వాత మరదలు, అబ్బాయి, కోడలు."

"పొయ్యి మీద పాలు..." అంటూ లేవబోయింది చిన్నకోడలు.

"స్టవ్వు ఆపేసే వచ్చానే, కూర్చో" అంది అత్తగారు.

మొగుడు తన వచనాన్ని సాగదీసి, సాగదీసి, మధ్యలో దగ్గి మరీ చదివాడు. ఎంత సాగదీస్తే మాత్రం, వచనం అయిపోక తప్పుతుందా? గ్రంథం ఆమె ఒళ్లోకి వచ్చింది. మావయ్య నోరు తెరిచాడు. టైరులో గాలి పోయినట్టు సుయ్‌మంది. గ్రంథం మీద చెయ్యి వేశాడు. అక్క ఆ చేతిమీద ఒక్కటి వేసింది. ఆయన వదల్లేదు, ఈవిడా వదల్లేదు. తల నెరిసినవాళ్లిద్దరూ పలక కోసం కొట్టుకునే పిల్లల్లా పెనుగులాడుతున్నారు. అప్పుడు చూసింది చిన్నకోడలు. మావయ్య చెయ్యి గ్రంథం మీదుంది గానీ, కంగారుపడుతున్న ఆ కళ్లు తనమీదున్నాయి. ఈయనకి తెలుసు!

"వదిలేయండి మావయ్యా" అని లేచి నిలబడింది. "పెద్దమ్మగారూ, నాకు చదవడం రాదు. నన్ను బడికి పంపలేదు. నేనేం దొంగతనం చేయలేదు. సిగ్గుపడీ పడీ నాకే విసుగొచ్చింది. ఏమంటారో అనండి!"

అక్క తమ్ముడివైపు తిరిగింది. "ఒరేయ్, నీకీ జబ్బు ఈ పిల్ల కాపురానికొచ్చాకే కదరా పట్టుకుంది?"

మావయ్య డాక్టరు మాట గాలికొదిలేశాడు. "కండక్టరు దగ్గరికొస్తుంటే టికెట్టు లేనివాడు కిటికీలోంచి చూస్తాడే, ఆ మొహం నాకు తెలీదా అక్కా?" అన్నాడు బొంగురుగా. "మొదటి రోజే కనిపెట్టా."

"మరి నా వంతెందుకు మింగావు?"

"పిల్లదొక్కటే మింగితే అనుమానం రాదూ? అయినా నువ్వు చదువుతుంటే నాకు నిద్రొస్తుంది."

"నాకు చెబితే నీ సొమ్మేం పోయేది?"

"బెంచీ ఎక్కిస్తావని భయమేసింది."

అక్క కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే కసిరింది. "బెంచీ లేదు, ఏమీ లేదు. సాయంత్రం నుంచి నా దగ్గర కూర్చోమను."

కూర్చుంది. గుణింతాలు గట్టెక్కాక ఒక పొద్దున చిన్నకోడలు గ్రంథం ఒళ్లో పెట్టుకుని, "నా వంతు ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోను. ఎంతసేపైనా సరే" అని చెప్పి మరీ మొదలుపెట్టింది. అక్షరం తర్వాత అక్షరం. టీ చల్లారిపోయింది. మొగుడికి పనికి ఆలస్యమైంది. తప్పు దిద్దకుండా ఉండలేక అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. గొంతు ఎప్పుడో బాగైపోయిన మావయ్య కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

వచనం పూర్తయింది.

"అమ్మయ్య!" అన్నాడు మావయ్య, చెయ్యి చాపి. "ఇక నాదేనా?"

"ఆగండి మావయ్యా" అంది చిన్నకోడలు తలెత్తకుండా. "ఇంకోటి చదువుతా."