ఓనరు కృష్ణప్ప రక్తం రిపోర్టు

పోయిన వారం నేను చచ్చిపోతానని నాకు నేనే ఖాయం చేసుకొని, మూడేండ్లుగా మాటల్లేని మా అన్న కాళ్లు పట్టుకొని వచ్చినానప్పా! ఉండండి, నవ్వేదానికి ఇంకా టైముండాది. మొదట్నుంచి చెప్తాను.

నేను రిటైరయ్యి ఆరేండ్లాయె. మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పని చేసినోణ్ణి. వెంట్రుకలో సగం తేడా వచ్చినా చేత్తో తడిమి చెప్తా ఉంటిని. ఆ చెయ్యే ఇప్పుడు ఫోను మీద పెడితే, నొక్కాల్సింది ఒకటి, నొక్కేది ఇంకొకటి.

నాకు షుగరుండాది. డాక్టరమ్మ రక్తం టెస్టుకి రాసిచ్చె. సోమవారం పొద్దున్నే ఏమీ తినకుండా హోసూరు ల్యాబుకి పోయి చెయ్యి చాపినాను. "రిపోర్టు ఎప్పుడు వచ్చి తీసుకోవాలమ్మా?" అంటే, "రావద్దు అంకుల్, వాట్సాప్‌లో పంపేస్తాం" అనింది ఆడుండే పాప.

మంగళవారం మధ్యాన్నం ఫోను టింగుమనె. ఇంట్లో ఎవరూ లేరు. మా ఇంటామె రుక్కమ్మ రేషన్ షాపుకి పోయింది. అద్దాలు యాడ పెట్టినానో కనబడలేదు. ఆత్రం ఆగుతుందా? ఫోను దూరంగా పట్టుకొని, కండ్లు చికిలించి చదవను మొదలుపెట్టినాను.

పైన 'ఓనర్: కృష్ణప్ప' అని ఉండాది. పర్వాలేదే, సొంతిల్లు ఉండేవాళ్లకి మర్యాద ఇచ్చి రాస్తారు అనుకొంటిని. దాని కింద 'లోకల్' అని ఉండాది. అవును, మనం లోకలే కదా! వయసు 6 అని ఉండాది. నాకు అరవై ఆరు. ఇంకో ఆరు ప్రింటులో పడలేదేమో. ఇంకా కిందికి పోతే అన్నీ ఎర్ర అక్షరాలే! మధ్యలో ఒక ఇంగ్లీషు మాట. సి... ఏ... ఎన్... అంతవరకే చదివినాను. మిగతా అక్షరాలు చదివే ధైర్యం యాడ వస్తుంది? కాన్సరే! ఫోను ఆపేసి దిండు కింద పెట్టేసినాను.

రుక్కమ్మ వచ్చి అన్నం పెట్టి, వేడివేడి సారు పోసె. "రుక్కమ్మా, నీ చేతి సారు మాదిరి ఊర్లో ఎవరూ చేయలేరు" అంటిని. ఆమె గరిటె పక్కన పెట్టి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఏమయింది మీకు? జొరమా?" పెండ్లయి నలభై ఏండ్లు. మెచ్చుకొంటే జొరమనుకొంటుంది. ఈమెకి ఎట్ల చెప్పేది? చెప్పలేదు.

కానీ ఒక పని మిగిలుండె. మా అన్న రామప్ప. డెంకణికోట అవతల పల్లెలో రాగులు పండిస్తాడు. మూడేండ్ల కింద ఆయన కూతురి పెండ్లి పత్రికలో నా పేరు అందరికన్నా కింద వేసినాడని నేను పెండ్లికే పోలేదు. చూడండి, ఎంత పెద్ద కారణమో! పోయేలోపల దాన్ని సరిచేసుకోవాలని, బుధవారం పొద్దున్నే బస్సెక్కితిని.

అన్న చేను గట్టు మీద ఉన్నాడు. ఏనుగులు తొక్కిన రాగి పైరు చూసుకొంటా ఉన్నాడు. నన్ను చూసి, "మొన్న ఏనుగు వచ్చె. ఈ పొద్దు నువ్వొచ్చినావు. ఇంకేం మిగిలుండాది తొక్కేదానికి?" అనె.

నేను వంగి కాళ్లు పట్టుకొంటిని. "తప్పయిపోయిందన్నా. నాకింక ఎక్కువ దినాల్లేవు."

ఆయన నన్ను లేపి, మొగం చూసి, "ఎవురు చెప్పింది?" అని అడిగె. "వాట్సాప్‌లో వచ్చిందన్నా." అంతే, ఇద్దరం ఆ గట్టు మీదే కూర్చొని ఏడిస్తిమి. ఇంటికి పోతే మా వదిన ఒబ్బట్లు చేసి పెట్టె. ఇంక షుగరుకి భయపడేదేముండాది? నెయ్యి పోసుకొని నాలుగు తింటిని.

అన్న ఉతికిన పంచె కట్టుకొని, "లెయ్యి, డాక్టరు దగ్గరికి పోదాం. నేనుండాను" అని హోసూరుకి పిల్చుకొచ్చె. డాక్టరమ్మ నా ఫోను తీసుకొని కిందికీ పైకీ రెండుసార్లు చూసె. అన్న నా భుజం గట్టిగా పట్టుకొనె.

"కృష్ణప్పా, మీ ఇంట్లో కుక్క ఉండాదా?"

"ఉండాదమ్మా. మణి అని."

"ఇది మణి రిపోర్టు. 'కెనైన్' అంటే కుక్కజాతి. లివరు కొంచెం బాగాలేదు, పశువుల డాక్టరుకి చూపించండి. మీ రిపోర్టు నిన్న సాయంకాలమే వచ్చుండాది, మీరు తెరవనే లేదు. షుగరు కొంచెం ఎక్కువ, అంతే."

ఆడే రుక్కమ్మకి ఫోన్ చేసినాను. "అవును, మణి తిండి తినకుంటే సోమవారం పశువుల క్లినిక్కుకి తీసకపోయినాను. వాళ్లు నంబరు అడిగిరి. నాకు నోటికొచ్చేది మీ నంబరొకటే కదా!" అనె. దీనికి కోపం తెచ్చుకొనేదా, సంతోషపడేదా?

అన్న నా భుజం వదిలేసి బయటికి నడిచె. నాకు మళ్లీ భయమాయె. బయట బెంచీ మీద కూర్చొని, మెల్లగా అడిగె: "అయితే నువ్వు నా కాళ్లు పట్టుకొనింది కుక్క లివరు చూసా?"

"అవునన్నా."

"ఇప్పుడు వాపసు తీసుకొంటావా?"

"లేదన్నా."

ఒక్కసారిగా పగలబడి నవ్వె చూడండి, టోకెను పట్టుకొని కూర్చున్నోళ్లంతా తిరిగి చూసిరి. లోపల్నుంచి నర్సమ్మ వచ్చి, "కృష్ణప్పా, ఇంకోసారి షుగరు చూడాలంట, రండి" అనె. వేలు పొడిచి చూసి, "పొద్దున ఏం తిన్నారు?" అని అడిగె. నేను జవాబు చెప్పేలోపల మా అన్న, "నాలుగు ఒబ్బట్లమ్మా, నెయ్యితో!" అని చెప్పేసె. మూడేండ్లు మాటల్లేకుండా ఉండిందే బాగుండెనేమో!

అప్పట్నుంచి మా ఇంట్లో మణికీ నాకూ ఒకే పత్యం. ఉప్పు లేదు, నూనె లేదు, తీపి మాటే లేదు. రుక్కమ్మ ఇద్దరికీ ఒకేసారి పెడుతుంది. మణి వాసన చూసి, మొగం తిప్పుకొని, లేచి పోతుంది.

నాకు ఆ ధైర్యం కూడా లేదప్పా!