కోటగుడి మెట్టు మీది మరక

నలభై ఏళ్ళకు పైగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మా ఇంట్లో ఇప్పుడు తెలుగు చదివేది నేనొక్కదాన్నే. పిల్లలకు అరవమే వచ్చు. అన్న పోయాక మా దగ్గరే ఉంటున్న వదినకు చదువే రాదు. అందుకే ధైర్యంగా మీ పత్రికకు రాస్తున్నాను. ఇది ధైర్యమేనా? నాకూ అనుమానమే.

డెబ్బైల చివర్లో సంగతి. ఆవడిలో ఉద్యోగం చేసే అన్న, వదిన, అమ్మ, నేను కలిసి అన్న కూతురికి పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుత్తణి వెళ్ళాం. బిడ్డకు ఏడాదిన్నర. కొండ ఎక్కబోయే ముందే నేను బయటచేరానని తెలిసింది. చెబితే కింద చెప్పులకూ సంచులకూ కాపలా కూర్చోవాలి. నాకేమో కొత్త లంగా ఓణీ. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో! నోరు మూసుకుని కొండెక్కాను. విభూతి కూడా పెట్టుకున్నాను.

అక్కణ్ణించి వదిన పుట్టిల్లు పళ్ళిపట్టుకు పోతుంటే దారిలో బస్సు చెడిపోయింది. ఇంకో బస్సుకు రెండు గంటలన్నారు. రోడ్డవతల గుట్ట మీద ఎవరో పాత రాజులు కట్టిన కోట. ఊరికే కూర్చోవడమెందుకని అన్న అందర్నీ తీసుకెళ్ళాడు. కూలిన గోడలు, గబ్బిలాల కంపు. అంత ఎండలో ఒక్క పిట్ట అరుపు లేదు. గుండుకు చందనం పూసుకున్న బిడ్డ కోట వాకిట్లోనే ఏడుపు లంకించుకుంది. లోపలికి రానని వదిన మెడ పట్టుకుంది. అయినా వెళ్ళాం. లోపల చిన్న అమ్మవారి గుడి. చుట్టుపక్కల మనిషి జాడ లేదు గానీ, విగ్రహానికి పూసిన పసుపు తడి ఇంకా ఆరలేదు. అన్న గోడలు చూస్తూ అటు పోయాడు. నేను అలసిపోయి గుడి మెట్టు మీద కూర్చున్నాను. లేచేసరికి రాతి మీద మరక.

అమ్మే చూసింది.

"ఎవురుమే ఈడ కూర్చున్నింది?"

నేను ఓణీ కొంగు వెనక్కి లాక్కున్నాను. వదిన నా లంగా వైపు చూసి, మెల్లగా వచ్చి నా వెనక నిలబడింది.

"నేనే అత్తా. బస్సులో అయిపోయినాను. చెప్పేదానికి బయమేసింది."

"తీట్టుతో, ఆ మైలతో బిడ్డనెత్తుకోని అమ్మోరి గుడి తొక్కినావా? ఇంగ ఏమి జరగబోతాదో!"

అమ్మ తిట్టుకుంటూ ముందుకు నడిచాక, వదిన తన తువ్వాలు నా నడుముకు చుట్టింది.

"తిట్లే కదా పాపా, రేపటికి పోతాయిలే. ఎల్లుండి నిన్ను చూసేదానికి వెంగల్ వాళ్ళు వస్తా ఉండారు. నువ్వు గమ్మునుండు."

గమ్మునున్నాను. ఇప్పటిదాకా.

వెంగల్ సంబంధం ఖాయమైంది. ఆ మర్నాడే బిడ్డకు జ్వరం. తొమ్మిదో రోజుకు బిడ్డ లేదు. మెదడువాపని డాక్టరు చెప్పాడు. ఎవరూ వినలేదు. తల్లే బిడ్డను మింగిందని అమ్మ గుండెలు బాదుకుంది. అప్పుడు వదిన తలెత్తి నన్నొక్కసారి చూసింది. నిజం చెప్పమని అడిగిందా? వద్దందా? ఆ చూపుకు నాకు అనుకూలమైన అర్థమే నేను చెప్పుకున్నాను. ఆమె మళ్ళీ నెల తప్పలేదు. ఇక వదిన తిరుత్తణి కొండ ఎక్కకూడదని అమ్మ కట్టడి పెట్టింది.

మరక వల్ల బిడ్డ పోలేదని నా బుద్ధికి తెలుసు. కోట వాకిట్లో ఆ ఏడుపు గుర్తొస్తే మాత్రం బుద్ధి పనిచేయదు. సరే, బిడ్డ సంగతి దేవుడికెరుక, కానీ ఒక్క మాటతో నిలబెట్టగలిగిన వదిన బతుకును నలభై ఏళ్ళుగా రోజూ నేనే కూలదోస్తూ వచ్చాను కదా, దాన్ని ఏ జ్వరం మీదికి నెట్టగలను?

ఆ మరక నాది. రాసేశాను. గొంతు కాస్త తేలికైంది. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు.

అమ్మ పోయింది, కట్టడి పోలేదు. ఏటా ఆడికృత్తిక పండక్కి అందరం తిరుత్తణి వెళ్తాం. వదిన కింద మెట్ల దగ్గర కూర్చుంటుంది. మేం దిగొచ్చేసరికి అందరి చెప్పులూ జతలు జతలుగా పెట్టి ఉంచుతుంది. ముందు నావే నా కాళ్ళ దగ్గరికి జరుపుతుంది. నేను తొడుక్కుంటాను.