పిలవని వాళ్ళకీ కుర్చీ

పొద్దున్న టీ తాగేటప్పుడు స్టీలు గ్లాసు పక్కనే ఫోను పెట్టుకోవడం నాకు అలవాటు. మెయిలు వచ్చినప్పుడల్లా ఫోను గుర్రుమంటుంది, దానికి ఆనుకున్న గ్లాసు సన్నగా జిర్రుమని మోగుతుంది. ఆ మోత వినగానే నా చెయ్యి దానంతటదే చెవి మీదికి పోతుంది, అక్కడింకా హెడ్‌ఫోను ఉన్నట్టు. భిలాయి స్టీలు ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో బోర్డు బజరు సరిగ్గా ఇలాగే మోగేది. వెంటనే వెనకనుంచి రాహేలు మేడమ్ గొంతు వినిపించేది: "సూర్యం, అవతల మనిషున్నాడయ్యా. టీ తరవాత."

భిలాయి తెలుగువాళ్ళకి ఇంటర్నెట్టు పరిచయం చేసినవాణ్ణి నేనే. ఈ ముక్క చాలా సభల్లో చెప్పాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. నిజం చెప్పాలంటే, నేను మౌసు పట్టుకోవడం నేర్చుకునే వేళకే వైశాలి నగర్లో సందుకొక సైబర్ కేఫ్ వెలిసింది. పోనీ, మా ముసలి బ్యాచీలో మొదటివాణ్ణి అనుకుందామంటే అదీ కుదరదు. రాహేలు మేడమ్ నాకంటే ముందే మెయిలు ఐడీ తెరిచారు. ఆవిణ్ణి చూడనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను కాబట్టి, నా గొప్పలు కాస్త పక్కన పెడతాను. పూర్తిగా కాదు.

ఆవిడది కోస్తాలో ఒక క్రైస్తవ కుటుంబం. పొట్టి మనిషి. ఇస్త్రీ మడత నలగని నూలు చీర, పిన్నుతో బిగించిన పైట, మెళ్ళో తాడుకు వేలాడే కళ్ళజోడు. ఎక్స్ఛేంజీలో ఆవిడ సూపర్‌వైజరు, నేను ఆపరేటర్ని. చేరిన కొత్తలో ఒక రోజు పలాస నుంచి ట్రంకు కాల్ వచ్చింది. క్రేను ఆపరేటరు పైడిరాజుకి. వాళ్ళ అమ్మ పోయింది. నేను చురుకైనవాణ్ణి కదా, వెంటనే అతని షాపుకి, అంటే ప్లాంటులో అతను పనిచేసే విభాగానికి, లైను కలిపి, "పైడిరాజుకి అర్జెంట్ కాల్" అని గుమాస్తాతో చెప్పి చేతులు దులుపుకున్నాను. మేడమ్ నా భుజం మీదుగా వంగి ప్లగ్గు లాగేశారు.

"ఆయన క్రేను మీదున్నాడా, కిందున్నాడా?"

"తెలీదు మేడమ్."

"పక్కన మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"అదీ తెలీదు."

"మరేం కలిపావయ్యా నువ్వు? తీగా?"

ఆవిడే మళ్ళీ ఆ షాపుకి ఫోను చేశారు. ముందు ఫోర్‌మన్‌ని పిలిపించారు. పైడిరాజుని క్రేను మీంచి దింపించి, ఊరివాణ్ణొకణ్ణి పక్కన నిలబెట్టించి, అప్పుడు "పైడిరాజు గారూ, నేను రాహేలునండీ" అని మొదలుపెట్టారు. ఆ తరవాతే పలాస లైను కలిపారు. అంతసేపూ పలాస లైనులో ఏడుస్తున్న మనిషిని "ఉండమ్మా, వస్తున్నాడు" అని ఓదారుస్తూనే ఉన్నారు. ఆ రోజు నేను సిగ్గుతో కుంగిపోయానని రాస్తే బాగుంటుంది గానీ, అప్పుడు నాకు ఒళ్ళు మండింది. అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తరవాత ఎక్స్ఛేంజీకి ఆటోమేటిక్ బోర్డు వచ్చింది. మా ప్లగ్గులు ఇనుపసామాన్లో కలిశాయి. మేమిద్దరం ముందూ వెనకా రిటైరయ్యాం. ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడ్డ రోజులవి. సెక్టర్ 7లో మా తెలుగు సంఘానికి ఒక పాత క్వార్టరు ఉండేది. ముందు గదిలో సాయంత్రాలు మేడమ్ పిల్లలకి తెలుగు నేర్పేవారు. ఇక్కడే పుట్టిన పిల్లలు, హిందీలో పోట్లాడుకుని తెలుగులో ఏడ్చేవాళ్ళు. మావాళ్ళ పెళ్ళిళ్ళు, చావులు, సంఘం కబుర్లు అందరికీ చేరాలని ఆవిడ ఒక వెబ్ పేజీ పెట్టాలన్నారు. ఆ పని నాకు పడింది.

నేను పేజీతో ఆగలేదు, దానికి ఫీడు పెట్టాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పేజీ మూల ఒక నారింజ రంగు బొత్తం ఉంటుంది. ఇష్టమున్నవాడు దాన్ని తన కంప్యూటర్లో ఒకసారి తగిలించుకుంటే చాలు, మనం కొత్తది ఏం రాసినా అక్కడికి దానంతటదే చేరుతుంది. పేరు చెప్పక్కర్లేదు, మెయిలు ఐడీ ఇవ్వక్కర్లేదు. విసుగొస్తే తీసేస్తాడు, తీసిందెవరో మనకి తెలియను కూడా తెలియదు. మెయిలు అలా కాదు. అది గుమ్మంలోకి వెళ్ళి తలుపు తడుతుంది.

మేడమ్‌కి ఫీడు నచ్చలేదు. "ఇది నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి దండోరా వేసినట్టుంది. విన్నవాడెవడో మనకి తెలియకపోతే కబురు అందినట్టెలా?"

"మెయిలంటే రోజూ పోయి తలుపు కొట్టడమే కదా మేడమ్. రెండో వారానికి కుక్కని వదుల్తారు."

"ఎంతమంది ఉన్నారు నీ దండోరాకి?"

"అయిదొందలు," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు. చందాదారుల లెక్క చూపించే చిన్న గడి పేజీ అడుగునే ఉంది. అందులో మూడు అని ఉంది. ఒకణ్ణి నేను. ఒకడు విశాఖలో మా బావమరిది, వాడి కంప్యూటర్లో నేనే తగిలించి వచ్చాను. మూడోవాడెవడో నాకూ తెలియదు.

"మిగతావాళ్ళు సెలవులో ఉన్నారా?" అన్నారు మేడమ్.

ఇలా ఉండగా ప్లాంటు క్వార్టర్ల ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. వాడకంలో లేని క్వార్టర్లు వెనక్కి తీసుకుంటున్నారు. వచ్చే ఆదివారం ఆఫీసరు గారు స్వయంగా చూడ్డానికి వస్తారు. గది నిండుగా కనిపిస్తే ఉంటుంది, లేకపోతే తాళం. పిల్లలు పదిమంది ఉంటే సరిపోదు, సంఘం సభ్యులు కనబడాలి. మేడమ్ బల్ల మీద సుద్దముక్కలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేశారు. భర్త పోయాక, ఎక్స్ఛేంజీ పోయాక, ఆవిడకి నలుగురి గొంతులు వినిపించే చోటు ఆ గదొక్కటే. అది నాకు తెలుసు కాబట్టి, "మీరు కూర్చోండి మేడమ్, ఒక్క దెబ్బతో అందరినీ పిలిచేస్తాను" అన్నాను.

ఆ దెబ్బ నిజంగానే తగిలింది. అందరి ఐడీలూ ఒకే మెయిల్లో వరసగా పేర్చి పంపేశాను. ప్రతివాడికీ మిగతా అందరి పేర్లూ కనిపించాయి. వేరే ఊళ్ళో అయితే ఏమయ్యేదో గానీ, మావాళ్ళకి పిలుపు అంటే వరస. పెళ్ళిపిలుపులకి వెళ్ళేటప్పుడు ముందు ఎవరి గుమ్మం తొక్కాలి, ఆఖరున ఎవరిది అన్న దాని మీద కాపరాలు కూలిన సందర్భాలున్నాయి. కూలాయని అన్నాను గానీ, మాటలు మానేశారు, అంతే. నేను ఐడీల్ని ఇంగ్లీషు అక్షరాల వరసలో పేర్చాను. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్లవాళ్ళు పైనా, కార్మికుల బస్తీ క్యాంప్ 1 వాళ్ళు చాలామంది కిందా పడ్డారు. అందరికంటే అడుగున పైడిరాజు. ఆ ఐడీ మనవడు యోగేష్ పేరు మీద ఉంది, వై అక్షరం ఎక్కడుంటుంది మరి? అందరూ అందరికీ జవాబులు కొట్టారు. "మేము ఆఖర్నా?" అని ఒకరు, "మొదట పిలిస్తే మాత్రం భోజనం పెడుతున్నారా?" అని ఇంకొకరు.

మర్నాడు సాయంత్రం పైడిరాజు స్వయంగా గదికి వచ్చాడు. పిల్లలు లేచి దారిచ్చారు.

"ఏటి బాబూ సూర్యం! ఇన్నేళ్ళూ మీ పందిళ్ళకి రాటలు పాతినోణ్ణి. విస్తరాకులన్నీ ఏసేసి, మిగిల్తే పైడిరాజుకి ఎయ్యమన్నట్టుంది నీ పిలుపు!"

"అది అక్షరాల వరస అన్నా, మనుషుల వరస కాదు."

"అచ్ఛా! అక్షరాలకి మా క్యాంపోళ్ళంటే పడదేటి?" అని మేడమ్ వైపు తిరిగాడు. "మీ మీద నాకు కోపం లేదు మేడమ్. కానీ నా పేరు తీసెయ్యండి. ఇంకెప్పుడూ మెయిలు ఎయ్యొద్దు."

"అలాగేనండీ," అన్నారు మేడమ్. అతని ముందే నా చేత జాబితాలో ఆ పేరు కొట్టేయించారు.

అతను వెళ్ళాక నేను నెమ్మదిగా, "అతను రాకపోతే క్యాంపులోంచి ఒక్కడూ రాడు. ఆదివారం దాకా పేరు మళ్ళీ కలుపుదాం మేడమ్, తరవాత తీసేద్దాం" అన్నాను.

"వద్దన్న గుమ్మం తొక్కకూడదు సూర్యం."

"గది పోతుంది."

"పోతే పోతుంది."

ఆ మాట అంటూ ఆవిడ గది నాలుగు గోడలూ ఒకసారి చూసుకున్నారు. అయినా మాట మారలేదు. మర్నాటి నుంచి కేఫ్‌లో కూర్చుని, ఒక్క వేలితో, మిగిలినవాళ్ళలో ఒక్కొక్కరికీ విడివిడిగా మెయిలు కొట్టారు. పైన పేరు. కింద ఆ ఇంటికి మాత్రమే చెందిన ఒక వాక్యం: మోకాలు ఎలా ఉంది, పాప పాసయిందా, మీ జామచెట్టు ఈసారి కాసిందా. ఆ తరవాతే ఆదివారం సంగతి. కేఫ్ కుర్రవాడు "దీదీ, అందరికీ ఒకటే కాపీ చేసెయ్యండి" అంటే, "పలకరింపు కాపీ అవదు బాబూ" అన్నారు. ఆఖరున నా వైపు తిరిగి, "నీ దండోరా కూడా వెయ్యి. వినేవాడెవడైనా ఉంటే వింటాడు" అన్నారు. ఏం రాయమంటారంటే ఇలా చెప్పారు: "ఆదివారం పొద్దున్న గది తెరిచి ఉంటుంది. మేము పిలవనివాళ్ళకీ, మా మీద కోపమున్నవాళ్ళకీ కూడా కుర్చీ ఉంది. అంతే. నీ సొంత అలంకారాలు కలపకు."

నేను కలపలేదు. నా జీవితంలో ఒక్క విశేషణం కూడా చేర్చకుండా రాసింది అదొక్కటే.

ఆదివారం వచ్చింది. సెక్టర్లవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. లోపలికి రాగానే మోకాలి గురించో, జామచెట్టు గురించో మేడమ్‌కి జవాబు చెబుతూనే వచ్చారు. అయినా గది సగమే నిండింది. క్యాంప్ 1 నుంచి ఒక్కరూ లేరు. ఆఫీసరు గారు వచ్చి గుమ్మంలో నిలబడి, ఖాళీగా ఉన్న వెనక వరసల వైపు చూశారు. మేడమ్ పైట కొంగు వేళ్ళకి చుట్టుకుంటున్నారు. అంతలో వీధిలో ఆటోల చప్పుడు. ముందు చుట్టిన జంబుఖానా లోపలికి వచ్చింది, దాని వెనక పైడిరాజు, అతని వెనక క్యాంపు.

"జరగండి భయ్యా, జరగండి! సూర్యం బాబూ, కుర్చీలు సాలవు గానీ, ఇది పరిసెయ్!"

మేడమ్ లేచి నిలబడ్డారు. "పైడిరాజు గారూ, మీకు నేను మెయిలు పంపలేదండీ."

"పంపలేదు. వద్దన్నాను కదా, మరెలా పంపుతారు? పంపుంటే వచ్చీవోణ్ణి కాదు." అతను గోడకి ఆనుకుని చెమట తుడుచుకున్నాడు. "ఆ నారింజ బొత్తం లేదూ, దాన్ని మొదట్లోనే మావోడి చేత పెట్టించీసుకున్నాను. రోజూ సూస్తన్నాను. తలుపు తెరిసుందని రాసినారు. కోపమున్నోడికీ కుర్చీ ఉందన్నారు. ఆ కోపమున్నోణ్ణి నానే కదా, కుర్చీ నాదే అనుకున్నాను."

ఆ మూడో మనిషి అతనే. మేడమ్ నా వైపు చూశారు. ఆఫీసరు గారు కూర్చోవడానికి చోటు లేక బయట నుంచే వెళ్ళిపోయారని నేను చాలాసార్లు చెప్పాను. అది అబద్ధం. ఆయన లోపలికి వచ్చి, కూర్చుని, పిల్లల పద్యాలు విని, టీ తాగి, గది మాకే ఉంచుతామని చెప్పి వెళ్ళారు.

అందరూ వెళ్ళాక మేడమ్ నన్ను అరగంట పొగిడారు. సరే, అరగంట కాదు. జంబుఖానా మడుస్తూ ఒక్క మాట అన్నారు: "నా వల్ల కాని లైను నువ్వు కలిపావు సూర్యం." పింఛను కాగితం అందుకున్నప్పుడు కూడా నాకు ఛాతీ అంత పొంగలేదు. ఆ తరవాత మా పద్ధతి అదే అయింది. చావు, పెళ్ళి, సభ అయితే పేరుపేరునా మెయిలు. కబుర్లూ కథలూ అన్నీ ఫీడులో, ఎవరి వీలు వాళ్ళది. వద్దన్నవాళ్ళకి నోరెత్తి ఒక్క మాట అనేవాళ్ళం కాదు. తలుపు మాత్రం వేసేవాళ్ళం కాదు.

రాహేలు మేడమ్ ఇప్పుడు లేరు. ఆ కబురు నేను ఒక్కొక్కరికే రాశాను, ఒక్క వేలితో, పైన పేరు పెట్టి. పైడిరాజుకి మాత్రం మెయిలు పంపలేదు, ఇంటికి వెళ్ళి చెప్పాను. ముందు అతని కోడల్ని పక్కన కూర్చోమన్నాను.

ఫీడు అనే మాటే ఇప్పటి పిల్లలకి తెలియదు. నేను ఇంకా నడుపుతున్నాను. టీ గ్లాసు పక్కకి జరిపి ఈ ఉదయం కూడా నాలుగు ముక్కలు రాసి అందులో పెట్టాను. దానికి వేలమంది పాఠకులున్నారు.

ఒక్కరే ఉన్నారు. అది నేను కాదు, నాది ఎప్పుడో తీసేశాను. బావమరిది పోయాడు. పైడిరాజుకి చూపు ఆనదు. ఎవరో మరి. కనిపెట్టే దారులున్నాయట, మనవరాలు చూపిస్తానంది. వద్దన్నాను. అవతల మనిషున్నాడు, అది చాలు.