మూత పెట్టిన రొట్టెలు

చౌడేశ్వరి మగ్గం గుంతలో దిగితే పైకి లాగడానికి ఇద్దరు కావాలని కోడుమూరులో ఆ వీధంతా వేళాకోళం చేసేది. నూట పద్దెనిమిది కిలోల మనిషి. మోకాళ్లు మొరాయించి మగ్గం మూలపడేలా ఉంటే, ధైర్యం చేసి కర్నూలుకు పోయి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది.

భర్త పోయిన తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఆమె, తల్లి ఈరక్క, అంతే. ఇద్దరూ ఒకే తట్టలో తినేవాళ్లు. "మా, ఆకలైతాండాది" అని మగ్గం దగ్గర నుంచి చౌడేశ్వరి కేకేస్తే, ఈరక్క జొన్నరొట్టెలు, ఉల్లికారం ముందు పెట్టుకుని కూర్చునేది. ఆ కేక వినపడితేనే ఆ ఇంట్లో మధ్యాహ్నమైనట్టు.

ఆపరేషన్‌తో ఆ కేక ఆగిపోయింది. కొన్నాళ్లు ఆకలి తెలియదనీ, గడియారం చూసి తినాలనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. కడుపు నిండిన సంగతి కూడా కొత్తగా నేర్చుకోవాలి. ఎక్కిళ్లు వచ్చినా, రొమ్ము కింద బిగబట్టినా అక్కడితో ఆపెయ్యాలి. చౌడేశ్వరి బుద్ధిగా నేర్చుకుంది. నేర్చుకోనిది ఈరక్క. ఎక్కిళ్లు వస్తే నీళ్లు తాగించి మళ్లీ తినిపించడమే ఆమెకు తెలుసు. "ఇంకొక్క ముద్ద తినుమే, నా కోసం" అని ఒకరోజు నోట్లో పెట్టింది. చౌడేశ్వరి రెండు దినాలు వాంతులతో లేవలేదు.

ఆ భయంతో ఈరక్క కూతురి ముందు తినడమే మానేసింది. చూస్తే బిడ్డ ఆశపడుతుందట.

"తింటివా మా?" అని చౌడేశ్వరి అడిగేది.

"నువ్వు తిన్నాక తింటాలే."

పిచ్చి తల్లి. రొట్టె తుంచుకుని తింటేనే ఆమె దృష్టిలో తినడం, చెంచాతో తాగేదంతా మందే. కూతురేమో మగ్గం పక్కన గిన్నె పెట్టుకుని, పూటకు నాలుగు చెంచాల పప్పుకట్టు తాగి, తిన్నాననే అనుకునేది. తనకు ఆకలి లేకపోయేసరికి ఎదుటి మనిషికి ఉంటుందన్న ధ్యాసే లేకుండా పోయింది. తిన్నా తినకపోయినా ఈరక్క చక్కెర జబ్బు మాత్ర మాత్రం రోజూ పొద్దున్నే తప్పకుండా మింగేది.

ఒక మధ్యాహ్నం చౌడేశ్వరి లోపలికి పోతే తల్లి పొయ్యి పక్కన ఒరిగిపోయి ఉంది. ఒళ్లంతా చెమట. పక్కన మూత పెట్టిన తట్టలో నాలుగు రొట్టెలు, ఇద్దరివీ, తుంచకుండా ఉన్నాయి. పక్కింటి సోమక్క ఆటో పిలిపించింది. చక్కెర పడిపోయి, ఆసుపత్రి చేరేలోపే ఈరక్క పోయింది.

"దినామూ మూడయ్యేదాకా నీ కోసమే కాసుకోని ఉంటాండె గదమ్మా. నీకు తెల్దా?" అంది సోమక్క.

తెలియదు. ఒకే ఇంట్లో, పది అడుగుల దూరంలో కూర్చుని కూడా తెలియదు.

చౌడేశ్వరి ఇప్పుడు ముప్పై ఎనిమిది కిలోలు తగ్గింది. గుంతలోంచి తనంతట తనే లేస్తోంది. తల్లి మాసికం పెట్టిన మరునాడు నేస్తుంటే కడుపులో మెలిపెట్టినట్టయింది. నొప్పి అనుకుని చెయ్యి పెట్టుకుంది. నొప్పి కాదు. ఆపరేషనైన ఆర్నెల్లకు ఆకలి తిరిగొచ్చింది. ఆ సంగతి బుర్రకు ఎక్కేలోపే నోరు పాత అలవాటున పలికేసింది.

"మా, ఆకలైతాండాది."

లోపల అలికిడి లేదు. చౌడేశ్వరి గుంతలోంచి లేచి, తనే ఒక రొట్టె కాల్చుకుని తట్ట ముందు కూర్చుంది. మూడో తుంపుకే ఎక్కిళ్లు వచ్చాయి. ఆపెయ్యాలని తెలుసు. ఆపలేదు. అమ్మ కోసమని ఇంకొక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఏడుస్తూ నమిలింది.