నాకన్నా ముందే చెప్పిన బనియన్

కొత్తవాడలో మా అమ్మానాన్నలు జంపఖానాలు నేసేవాళ్లు. నేను మగ్గం ఎక్కలేదు. మిషన్ కుట్టు నేర్చుకుని, ఊరి బయట కొత్తగా పెట్టిన యూనిట్‌లో చేరాను. అక్కడ కుట్టేవి మామూలు బట్టలు కావు. బనియన్‌లో వెండి పూత దారం కుట్టి, ఛాతీ దగ్గర బొత్తామంత చిప్ అమర్చితే, వేసుకున్న మనిషి గుండె వేగం, ఒంటి వేడి ఫోన్‌లో కనబడేవి. ఆ దారం మహా మొండిది. కాస్త గట్టిగా లాగితే తెగేది, మిషన్ వేగం పెంచితే పూత లేచిపోయేది. అయినా ఆ పని నాకు నచ్చింది, దారం తెగకుండా కుట్టడం తోటివాళ్లకూ నేర్పాను. ఒకసారి నాన్నకు ఆ బట్టముక్క తెచ్చి చూపిస్తే, వేళ్లతో తడిమి, "దారంల కరెంటు పోతదా బిడ్డా?" అన్నాడు. ఎంత గర్వపడ్డానో.

కుట్టినవాటిని ఎవరో ఒకరు వేసుకుని చూడాలి. మమ్మల్నే వేసుకోమన్నారు. పొద్దున డ్రెస్ కింద తొడుక్కోవడం, సాయంత్రం విప్పి ఇవ్వడం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీర్ మేడం మా అంకెలన్నీ లాప్‌టాప్‌లో చూసేది.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది. పక్కనే సూపర్‌వైజర్ ఉన్నాడు.

"ఒంట్లో బాగుంటోందా? ఊరికే కూర్చున్నప్పుడు కూడా నీ హార్ట్ రేట్ ఎక్కువుంటోంది. వేడి కూడా."

"బాగనే ఉన్న మేడం."

"ఒకసారి ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించుకో."

నాకూ అనుమానంగానే ఉంది. పెళ్లయిన చాలా ఏళ్లకు వచ్చిన ఆశ. మా ఆయన డోర్నకల్‌లో రైల్వే కాంట్రాక్టు పని చేస్తాడు. ఆదివారం వస్తే ఎదురుగా కూర్చుని చెప్పాలని దాచుకున్నాను.

టీ టైముకే హాలంతా తెలిసిపోయింది. "ఏం చెల్లె, మాకు చెప్పనే లేదు, మిఠాయేది?" అని సూపర్‌వైజర్ గట్టిగా నవ్వాడు. నాతో కుట్టే ఒకామె భర్త కూడా డోర్నకల్‌లోనే ఉంటాడు. సాయంత్రానికి మా ఆయన ఫోన్.

"నాకు చెప్పకుంట ఊరంత చెప్పినవా?" సంతోషంగానే మొదలుపెట్టాడు గానీ, చివరికి గొంతు మారిపోయింది.

"నేనెవ్వలకు చెప్పలె. బనియన్ చెప్పింది."

ఆయనకు అర్థం కాలేదు.

ఆ నెలాఖరుకు సూపర్‌వైజర్ పిలిచి, "నీ రీడింగులతోని లెక్కలు గడబిడ అయితున్నయ్. డెలివరీ అయినంక రా, చూద్దాం" అన్నాడు.

"నేను కుట్టేదాన్ని గదన్నా. వేరేవాళ్లు ఏసుకోని చూస్తరు."

"కుట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు చెల్లె."

ఆడపిల్ల పుట్టింది. పాపకు మెడ నిలబడ్డాక భుజాన వేసుకుని మళ్లీ వెళ్లాను. నన్ను చూడగానే మేడం మొహం వెలిగిపోయింది. పాపను ముద్దు చేసింది. లోపలికి వెళ్లి కొత్త బనియన్ తెచ్చింది.

"కాన్పు తర్వాత రీడింగ్స్ మా దగ్గర ఒక్కటి కూడా లేవు. కాసేపు వేసుకుంటావా, ప్లీజ్?"

"పని ఇస్తరా మేడం?"

మేడం చేతిలోని బనియన్ వంక చూసింది. "అది నా చేతుల్లో లేదు."

ఆ కుట్టు చూశాను. నేను నేర్పిన కుట్టే, నా తర్వాత వచ్చినవాళ్లెవరో వేసింది. బాగానే వేశారు. ముట్టుకోకుండా బయటికొచ్చేశాను. ఎండలో ఆటో దొరికేదాకా పాప ఏడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. ఎప్పుడైనా బస్సు ఆ యూనిట్ ముందు నుంచి పోతే మొహం పక్కకు తిప్పుకుంటాను.