నేను వదిలేసిన చెయ్యి

పుంగనూరులో మా నాయన హకీము. జ్వరాలకూ దగ్గులకూ జనం వస్తూనే ఉండేవాళ్ళు గానీ, ఆయనకు పేరు తెచ్చినవి వేరే జబ్బులు. అయినవాళ్ళు పోయి అన్నం మానేసినవాళ్ళు, ఊరికే గుండె దడదడలాడి నిద్రపట్టనివాళ్ళు, దేన్నో చూసి జడుసుకొని మాట పడిపోయినవాళ్ళు వచ్చేవాళ్ళు. వీళ్ళకి ఏం మందిచ్చేవాడంటారా? నవ్వకండి, గుల్కండు. గులాబి రేకులూ చక్కెరా, అంతే. అసలు వైద్యం చెయ్యి పట్టుకోవడం.

ఆడవాళ్ళ చెయ్యి ఆయన పట్టుకోడు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ వెనకింట్లో ఆమె పట్టుకునేది. ఆమె పోయాక ఆ పని నా మీద పడింది. నాకప్పుడు పదిహేడేళ్ళు. యుద్ధం రోజులు.

"నాడి చూసేదానికి ఎంతసేపు బేటీ? చిటికెలో తెలిసిపోతాది. తక్కిన పొద్దంతా వాళ్ళ కోసం పట్టుకోవాల. వాళ్ళు చాలనేదాకా వదలొద్దు. ఏడవొద్దనొద్దు. దేవుని రాత అనొద్దు. అట్లా యాల చేసినావని మాత్రం చచ్చినా అడగొద్దు" అనేవాడు నాయన. వచ్చిన ప్రతిసారీ అదే కథ మొదటి నుంచి చెప్పించమనేవాడు. చెప్పేకొద్దీ లోపల దాగిన ముక్క ఒకటి బయటికొస్తుందట. అది వచ్చాకే మనిషి తేరుకుంటుందట. నేను పెద్ద ఆరిందాలా అన్నిటికీ తలూపేదాన్ని.

పెద్దపంజాణి పక్క పల్లె నుంచి ఒక కూలిమనిషిని మొగుడు బండెక్కించి తీసుకొచ్చాడు. ఎనిమిది నెలల కూతురు పోయింది. అప్పటి నుంచి తిండీ నిద్రా లేవు. మదనపల్లె పెద్దాసుపత్రిలో చూపిస్తే, ఒంట్లో ఏ జబ్బూ లేదు పొమ్మన్నారట. ఆమె వెనకింట్లో నా ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది. కొడవలి పట్టి కాయలు కాచిన చెయ్యి.

నాలుగు వారాలు అదే చెప్పింది. శనక్కాయలు పెరకడానికి పోయింది, చెట్టుకు ఉయ్యాల కట్టింది, సాయంత్రం చూస్తే బిడ్డ లేవలేదు. మొదటి వారం గొంతులో జీవమే లేదు. మూడో వారానికి వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగో వారం పొద్దున ఇంత సంగటి తిని వచ్చానంది. నాయన మొహం వెలిగిపోయింది.

అయిదో వారం ఆ దాగిన ముక్క బయటికొచ్చింది.

"నేనే పెట్టినానమ్మా నల్లమందు. పనికి పొయ్యేటప్పుడు బిడ్డ నిద్ర పొయ్యేదానికి అందురూ పెడతారు కదా, ఆవగింజంత. ఆ పొద్దు పడిశం పట్టి ఒగటే ఏడుపు. మేస్త్రీ అరస్తాండాడు. అందుకని మళ్ళా ఒగతూరి పెట్టినా. మా ఇంటాయనకి గూడా సెప్పలేదమ్మా."

నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. పొయ్యి మీది గిన్నె తగిలినట్టు లాక్కున్నాను. ఛీ, ఆ చెయ్యి విరిగిపోయినా బాగుండేది! నోటితో ఒక్క మాట అనలేదు నేను. అనాల్సిన పనేముంది?

ఆమె నా చెయ్యి వంక చూసింది. తర్వాత తన చేతిని చూసుకుంది. కొంగు మణికట్టు దాకా లాక్కుని, "పొద్దు పోతాండాది, బండి దొరకదు" అంటూ లేచింది.

"అంతా చెప్పిందా?" అని నాయన అడిగాడు. చెప్పిందన్నాను. "ఇంక రానక్కర్లేదంట, బాగయిందంట" అని కూడా అన్నాను. ఎంత చక్కగా అబద్ధమాడానో! ఆయన నమ్మి, నా తల మీద చెయ్యి పెట్టాడు.

నెల తిరక్కముందే మొగుడు ఒక్కడే వచ్చాడు. "మళ్ళీ తినేది మానేసింది సాయబూ. రమ్మంటే రాదు. యాల రావే అంటే పలకదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాయన నా వైపు చూశాడు. నాకేం తెలుసన్నట్టు నిలబడ్డాను. తొందరపడి వైద్యం ఆపేశానని ఆయన తనను తాను తిట్టుకున్నాడు. తను చనిపోయేదాకా ఆ మాట అంటూనే ఉన్నాడు. నేను వింటూనే ఉన్నాను.

కుప్పంలో నాకు పెళ్ళయింది. కూతురు పుట్టింది. ఆ మనిషి ఎక్కడైనా కనిపిస్తే చెయ్యి పట్టుకుని, తప్పయిందక్కా అని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. పిల్ల పుట్టాక మరీ. ఆ మేస్త్రీ అరుపులు, ఆ పడిశపు ఏడుపు నా చెవుల్లోనే ఉండేవి.

కనిపించింది. కుప్పం స్టేషన్లో పిల్లని ఒళ్ళో పెట్టుకుని బెంగుళూరు బండి కోసం కూర్చుని ఉంటే, సీతాఫలాల గంపతో వచ్చింది. సగమైపోయింది మనిషి. నేనే ముందు పలకరించాను.

"అక్కా, నిద్ర పడతాండాదా?"

గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. "సాయబు కూతురివి కదమ్మా!" అంటూ గంప దించింది. "యాడ నిద్రమ్మా. మీకాడ సెప్పినాక మళ్ళా యాడా సెప్పలేదు."

ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాను. తప్పయిందక్కా అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. ఇంతలో ఆమె నా ఒళ్ళోకి చూసింది. మొహం మెత్తబడింది. చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకు చాపింది.

"నీ బిడ్డేనా? ఒగతూరి ఈయమ్మా, ఎత్తుకుంటా."

పిల్లని గుండెకు అదుముకున్నాను. కావాలని కాదు. ఎవరికి చెప్పినా నమ్మరు, కావాలని కాదు. పదిహేడేళ్ళప్పుడు తెలియక చేశానందాం, ఇప్పుడేం వచ్చింది నాకు?

ఆమె చేతులు ఒక క్షణం గాల్లోనే ఉన్నాయి. తర్వాత మెల్లగా గంపలోకి పోయి, మంచి పండ్లు రెండు ఏరి నా పెట్టె మీద పెట్టాయి.

"సలిగాలి కొడతాండాది. బిడ్డకి సెవులు కప్పమ్మా" అని గంప నెత్తికెత్తుకుంది.

ఆమె ప్లాట్‌ఫారం చివరిదాకా పోయింది. నా చేతులు ఇంకా పిల్ల చుట్టూ బిగుసుకునే ఉన్నాయి.